‘రఫ్ యూజ్’ అంటే ఏంటి సార్?

మొదట ఆ చప్పుడు విన్నది నేను కాదు, నాన్న.

“ఒరే, ఎడం పక్క కింద ఏదో కొడతంది సూడు” అన్నాడు వెనక సీట్లోంచి. పాటల సౌండ్ తగ్గించాను. స్పీడ్ బ్రేకర్ దిగగానే ‘టక్’. గుంతలో పడి లేచినప్పుడు ఇంకో ‘టక్’. బండి కొని నాలుగు నెలలు. తిరిగింది 5,800 కిలోమీటర్లు.

షోకు కోసం కొన్న బండి కాదది. (సరే, కొంచెం షోకు కూడా ఉంది. ఒప్పుకుంటాను.) మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం పక్క ఊరు. ఉద్దానం అనగానే చాలామందికి కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. మా ఇంట్లోనూ అదే కథ. నాన్నకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా తీరాన్ని దాటినప్పుడు రోడ్లకి అడ్డంగా పడ్డ కొబ్బరి, జీడి చెట్లని చూసినవాణ్ని. నాన్నకి డయాలసిస్ మొదలయ్యాక నాది ఒకటే లెక్క: ఎంత వానొచ్చినా పలాస చేర్చే బండి కావాలి. అందుకే 2023 జూన్‌లో లోన్ పెట్టి, పదహారు లక్షలకి ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకున్నాను. నాది వర్క్ ఫ్రమ్ హోమ్. కాబట్టి డ్రైవర్ని కూడా నేనే.

డయాలసిస్ అయి వచ్చే మనిషికి కుదుపు అంటే ఏంటో బయటివాళ్లకి తెలీదు. బీపీ పడిపోయి ఉంటుంది. సూదులు తీసిన చేతిని తువ్వాలు మీద పెట్టుకుని కూర్చుంటాడు. ప్రతి ‘టక్’కీ ఆ చేయి ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. నేను అద్దంలో చూస్తూ ఉంటాను.

సర్వీస్ సెంటర్ శ్రీకాకుళంలో. మా ఊరి నుంచి పోను రాను ఒక రోజు పని. మొదటిసారి బోల్టులు బిగించారు. రెండోసారి “ఈ మోడల్‌కి ఇది నార్మల్ సార్” అన్నారు. మూడోసారికి నా ఎడం ముందు టైరు లోపలి అంచు అరిగి తీగ కనిపిస్తోంది. అలైన్‌మెంట్ చేసి పంపారు. మూడు వారాల్లో మళ్లీ పోయింది. అప్పుడు బయటికొచ్చింది ఆ మాట: “రఫ్ యూజ్ సార్. మీ ఏరియా రోడ్లు చూశాం కదా.”

ఫోర్ బై ఫోర్ బండి యాడ్ గుర్తు చేసుకోండి. కొండలు, వాగులు, బురద. కొన్నాక పలాస రోడ్డు మీద తిప్పితే మాత్రం రఫ్ యూజ్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాశీబుగ్గలో మాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. “బాబూ, రోడ్డు తప్పేటి లేదు. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ ఆడుతోంది, సూడు.” చూశాను. చక్రాన్ని బండికి కింది నుంచి పట్టుకునే చేయి లాంటిది లోయర్ ఆర్మ్. దాని చివర గుండ్రటి కీలు బాల్ జాయింట్. అది లూజైతే చక్రం నిలువుగా నిలబడదు, టైరు ఒక పక్కే అరుగుతుంది, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేసినా ఆగదు. బాగా ముదిరితే కీలు ఊడిపోవచ్చు. నేషనల్ హైవే 16 మీద, వెనకాల లారీలు ఉండగా, అది ఊడితే ఏమవుతుందో ఆ రాత్రంతా ఆలోచించాను.

ఇక దాన్ని ఆఫీసులో బగ్‌లా చూడటం మొదలుపెట్టాను. ఒకే రోడ్డు, ఒకే స్పీడు, అవే మూడు స్పీడ్ బ్రేకర్లు. ఫోన్ డ్యాష్‌బోర్డ్ మీద బిగించి, యాక్సిలరోమీటర్ యాప్‌తో నలభై ట్రిప్పులు రికార్డ్ చేశాను. గ్రాఫ్ తీసుకెళ్తే సర్వీస్ అడ్వైజర్ తమ్ముడు పాపం నిజాయితీగానే చెప్పాడు: “అన్నా, ఇది మా సిస్టమ్‌లో ఎంట్రీ అవ్వదు.” నిజమే. చివరికి పనికొచ్చింది ఆ గ్రాఫ్ కాదు, కాగితాలు. ప్రతి జాబ్ కార్డ్ మీద ‘ఎడం ముందు చప్పుడు’ అని రాయించాను. రాయకపోతే సంతకం పెట్టలేదు. అలైన్‌మెంట్ ముందూ తర్వాతా ఇచ్చే ప్రింట్లు దాచాను. టైరు షాపులో ‘మెకానికల్ లోపం వల్ల అరుగుదల’ అని రాయించుకున్నాను. తర్వాత టెక్కలిలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లి మెకానికల్ సార్‌ని పట్టుకున్నాను. ఆయన కొలిచి, ఫొటోలతో నాలుగు పేజీల రిపోర్ట్ ఇచ్చారు. కాలేజీలో ఆయన సబ్జెక్ట్ నాకు బ్యాక్‌లాగ్. ఆ విషయం ఆయనకి గుర్తుంది కూడా.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. అది కోర్టు కాదు, ఆర్డర్ వేయలేదు. కానీ మన కంప్లయింట్‌ని కంపెనీకి పంపుతుంది. దాంతో అప్పటిదాకా నోటితో అన్న ‘రఫ్ యూజ్’ కంపెనీ జవాబుగా రాతలో వచ్చింది. అది చేతిలో పడగానే టెక్కలి లాయర్ గారి దగ్గరికి వెళ్లాను.

“కొత్త బండి కావాలి సార్” అన్నాను ఆవేశంగా. ఆయన నీళ్లు చల్లారు. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో వివరించారు: వారంటీ షరతు ప్రకారం పాడైన పార్టు మార్చడమే కంపెనీ బాధ్యత, ఏకంగా బండి మార్చాలనడం కుదరదు. మరి 2022లో హ్యుందాయ్ క్రెటా కేసులో బండి మార్చమన్న తీర్పు నిలబడింది కదా అన్నాను. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోని కేసు అది. “నిజమే. కానీ అక్కడ యాక్సిడెంట్ జరిగింది. నీకు జరిగేదాకా ఆగుదామా?” అన్నారు. నోరు మూసుకున్నాను.

ఆయన చెప్పినవాటిలో మీకూ పనికొచ్చేవి కొన్ని. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్. పది నుంచి ఇరవై లక్షల మధ్య ఫీజు 400 రూపాయలే. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు; అప్పట్లో ఈ-దాఖిల్, 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి. అయితే లోపం ఉందని చూపించాల్సింది మనమే. కమిషన్ అవసరమైతే ల్యాబ్ టెస్ట్‌కి పంపుతుంది.

ఒకే మోడల్‌లో చాలామందికి అదే లోపం వస్తే ఇంకో దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 110-ఏ ప్రకారం ప్రభుత్వం రీకాల్‌కి ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఒంటరిగా అరిస్తే రఫ్ యూజ్, వందమంది అరిస్తే డిఫెక్ట్. అమెరికాలో జీప్ రాంగ్లర్ ముందు చక్రాలు హైవే మీద వణకడాన్ని ఓనర్లు ‘డెత్ వాబుల్’ అన్నారు. 2019లో మిచిగన్ ఫెడరల్ కోర్టుకెళ్లారు. చివరికి స్టీరింగ్ డ్యాంపర్‌కి వారంటీ 8 ఏళ్లు లేదా 90 వేల మైళ్లకి పెరిగింది.

మా లాయర్ గారి నోటీసు 2024 సెప్టెంబర్‌లో రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. నవంబర్‌లో కంపెనీ ఏరియా మేనేజర్ స్వయంగా ఫోన్ చేశాడు. ‘గుడ్‌విల్’ కింద రెండు లోయర్ ఆర్మ్‌లు, ముందు షాకబ్జర్లు ఫ్రీగా మారుస్తారు. టైర్ల ఖర్చులో సగం ఇస్తారు. లోపం ఉందని మాత్రం ఒప్పుకోరు. ఫుల్ అండ్ ఫైనల్ అని నేను సంతకం పెట్టాలి.

రెండు రోజులు పెట్టలేదు. తర్వాత కాగితం మీద ‘ఈ పార్టుల వరకు మాత్రమే’ అని నా చేత్తో రాసి పెట్టాను. పోరాడాల్సింది అని కొందరు ఫ్రెండ్స్ ఇప్పటికీ అంటారు. వాళ్లు చెప్పేది తప్పని అనను. కానీ టెస్టుల కోసం బండిని ఎన్నాళ్లు వదలాలో తెలీదు. డయాలసిస్‌కి వాయిదాలుండవు.

పార్టులు మార్చేటప్పుడు పక్కనే నిలబడ్డాను. పాతవి ఇవ్వమన్నారు. ఫొటో తీయనిచ్చారు. ఇంటికొచ్చి జూమ్ చేశాను. పార్టు నంబర్ అదే, కొత్తదానికి చివర్లో అక్షరం మాత్రం వేరే. మా భాషలో చెప్పాలంటే వెర్షన్ మారింది. ఏం మార్చారో, ఎందుకు మార్చారో అడిగి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఆ ఫొటోలు జతచేసి రీకాల్ పోర్టల్లో కంప్లయింట్ వేశాను. అది సంతకం పెట్టిన కాగితంలో లేని సంగతి.

మర్నాడు పలాస వెళ్లి వస్తున్నాం. అవే మూడు స్పీడ్ బ్రేకర్లు. నాన్న చేయి తువ్వాలు మీద వదులుగా ఉంది.

“సప్పుడు పోయిందిరా” అన్నాడు. కాసేపాగి, “ఇంక నీ పాటల సౌండ్ కూడా తగ్గించు.”