‘పే అటెన్షన్’ అను ఆంగ్ల జాతీయము: అర్థ ప్రయోగ విచారము

ఆంగ్లమునందు ‘పే అటెన్షన్’ అనునది తరగతులయందును సభలయందును నిత్యము వినవచ్చు జాతీయము. మనసు నిలిపి వినుము, చూడుము అని దీని భావము. దీనిని తెనుగు చేయబూనినవారు ‘అటెన్షన్’ అను నామమునకు శ్రద్ధ యని సరిపెట్టుకొందురేగాని, ‘పే’ అను క్రియను విచారింపరు. స్వారస్యమంతయు ఆ రెంటి కూడికయందే కలదని మా యభిప్రాయము.

‘అటెన్షన్’ అను పదమునకు మూలము లాటిన్ ‘అట్టెండెరె’. ‘అద్’ అనగా వైపు. ‘తెండెరె’ అనగా చాచుట. మనస్సును ఒకదానివైపు చాచుట యని మూలార్థము. ‘పే’ అనునది లాటిన్ ‘పాకారె’ నుండి ప్రాచీన ఫ్రెంచి ద్వారమున వచ్చినది. శాంతింపజేయుట దాని తొలి యర్థము. అప్పిచ్చినవానిని శాంతింపజేయుటనుండి ధనము చెల్లించుట యను అర్థము పుట్టినది. అయినను ఈ క్రియ ధనమునకే పరిమితము కాలేదు. ఒకరిని చూడబోవుటకును, నివాళి యర్పించుటకును ఆంగ్లేయులు దీనినే వాడుదురు. ఎదుటివారికి రావలసినదానిని ముట్టజెప్పుట యను భావము వీనియందు కానవచ్చుచున్నది. ఆ లెక్కను అవధానము శ్రోత వక్తకు తీర్పవలసిన బాకీ.

ఐరోపా భాషలన్నియు ఈ త్రోవనే నడువలేదు. స్పానిషువారు అవధానమును ఎరువిత్తురు. జర్మనులు కానుకగా నిత్తురు. ఆంగ్లమునందును ఎరువు పద్ధతి లేకపోలేదు. 1623లో తొలిసారి అచ్చయిన షేక్స్పియరు ‘జూలియస్ సీజరు’ నాటకమున ఆంటొనీ రోమను పౌరుల చెవులను ఎరువడుగును.

తెనుగు పద్ధతి వేఱు. మనము ‘చెవి యొగ్గుదుము’, ‘దృష్టి సారింతుము’. ఒగ్గుటయు సారించుటయు చాచుటయే. లాటిన్ మూలమునందలి చాచుట యను భావము ఆంగ్లమున మఱుగుపడినది. తెనుగున అట్టి భావమే స్వతంత్రముగా నేర్పడి నేటికిని స్పష్టముగా నున్నది. కావున ‘శ్రద్ధ చెల్లించుము’ అని మాటకు మాట వ్రాసినచో పాఠకునికి మొక్కులును పన్నులును స్ఫురించునేగాని వినవలెనను తలంపు కలుగదు.

ఇక ప్రయోగము. గురువు శిష్యులను హెచ్చరించునపుడు ‘శ్రద్ధగా వినుడు’ అనుట చాలును. ఒక సమస్యనుగూర్చి యైనచో ‘దృష్టి సారించు’ తగును. వ్యతిరేకార్థమున తెనుగు మరింత సూక్ష్మమైనది. ఉపేక్షించినవాడు ‘లక్ష్యపెట్టలేదు’, విని కూడ విననట్లున్నవాడు ‘పెడచెవిని పెట్టెను’. ఇతరుల నిందకు నొచ్చుకొన్నవానిని ఓదార్చుచు ఆంగ్లేయుడు ఇదే జాతీయమును నిషేధార్థమున వాడగా, మనము ‘ఆ మాటలు పట్టించుకొనకుము’ అందుము. ఆంగ్లమున ఒక్కటియే యైన జాతీయమునకు తెనుగున సందర్భమునుబట్టి ఇన్ని రూపములు కావలసివచ్చుచున్నవి.

పరిశోధక విద్యార్థులు జాతీయములను సేకరించునపుడు నామముతోపాటు క్రియనుకూడ గుర్తించి, విధి వ్యతిరేక రూపములను వేర్వేఱుగ వ్రాసికొనవలెను. ద్విభాషా నిఘంటువులకు దానివలన గొప్ప మేలు కలుగును.