ర్యామ్ వేగం పెంచారా? పరీక్షించారా?

డీడీఆర్4-3200 అని రాసి ఉన్న ర్యామ్ కొని డెస్క్‌టాప్‌లో పెడితే, అది తరచు 2133 దగ్గరే నడుస్తుంది. పెట్టె మీద రాసిన వేగం రావాలంటే బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్ఎంపీ ఆన్ చెయ్యాలి. ఇదీ ఓవర్‌క్లాకింగే! వోల్టేజి సాధారణంగా 1.2 నుంచి 1.35కి పెరుగుతుంది. ఆ వేగాన్ని ర్యామ్ ఒక్కటే కాదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, మదర్‌బోర్డు కూడా తట్టుకోవాలి.

విండోస్ వచ్చింది కదా, అంతా బాగున్నట్టే అనుకోకండి. ఒక్క బిట్ తారుమారైతే మిషను ఆగిపోవాలని లేదు. కాపీ చేస్తున్న పిల్లల ఫోటోలోనో, కంపైల్ చేస్తున్న ప్రోగ్రాములోనో తప్పు చడీచప్పుడు లేకుండా చేరుతుంది. అదే ఫైలు బ్యాకప్‌లోకీ వెళుతుంది. డీడీఆర్5లో తప్పులు దిద్దే ఏర్పాటు ఉన్నా, అది చిప్పు లోపలి వరకే. చిప్పుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగే తప్పులను అది పట్టుకోలేదు.

కాబట్టి మెమ్‌టెస్ట్86ను యూఎస్‌బీ డ్రైవులోకి ఎక్కించి, దానితోనే బూట్ చేసి, రాత్రి పడుకునే ముందు నాలుగు పాస్‌లు నడపండి. పొద్దున్నకి ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ వేగం మీకు పనికిరాదు. ఒక మెట్టు దిగి మళ్ళీ పరీక్షించండి. ఎక్స్ఎంపీ తీసేసినా ఎర్రర్లు వస్తుంటే, స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. చెడిపోయినదేదో తేలుతుంది.

వేగం అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. సీఎల్ అంకెను 2000తో హెచ్చవేసి, వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకండ్లలో వస్తుంది. 3200కి సీఎల్16 అయినా, 3600కి సీఎల్18 అయినా, 6000కి సీఎల్30 అయినా వచ్చేది 10 నానోసెకండ్లే. పెరిగేది సెకనుకి మోసే డేటా మాత్రమే. ఆఖరి 200 కోసం డేటాని పణంగా పెట్టడం దండగ.