గేదెకు సూది, పాలంటే భయం

హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు పల్లెలు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ చుట్టుపక్కలే హైటెక్ సిటీ అయింది. పొలాలు పోయి అద్దాల మేడలు లేచాయి. గేదెల కొట్టాలు మాత్రం పూర్తిగా పోలేదు. మేడల్లో పనిచేసేవాళ్లకూ, ఆ మేడలు ఊడ్చేవాళ్లకూ పాలు కావాలి కదా!

నగరంలో గడ్డి కొనాలి, దాణా కొనాలి. దూడకు పాలు వదిలితే నష్టమని కొందరు అనుకుంటారు. కడుపు నిండక దూడ చచ్చిపోతుంది. దూడ పొదుగు కుమ్మితేనే గేదె చేపుతుంది. దూడ లేకపోతే పాలు ఎగజేపుతుంది, అంటే పైకి లాక్కుంటుంది. వెనకటి రోజుల్లో చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టేవారు. ఇప్పుడు కొందరు దొంగచాటుగా సూది పొడుస్తున్నారు. ఆ మందు పేరు ఆక్సిటోసిన్.

ఇది ఒక హార్మోను. హార్మోను అంటే ఒంట్లోనే పుట్టి, రక్తంలో కలిసి, ఒంటికి పనులు చెప్పే రసం. దూడ కుడిస్తే గేదెలో ఇది ఊరుతుంది. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు చేపుకొస్తాయి. అదీ దీని పనే. ఇది పాలను కొత్తగా పుట్టించదు. ఉన్న పాలను కిందికి దింపుతుంది.

"సూది వేసిన గేదె పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారు" అని చాలామంది అంటారు. దానికి రుజువు లేదు. ఈ మందు కడుపులోకి పోతే పప్పు, గుడ్డు అరిగినట్టే అరిగిపోతుంది. అందుకే ఆస్పత్రిలో కూడా దీన్ని మింగించరు, సూదితోనే ఇస్తారు. పిల్లల్ని పెద్దమనుషుల్ని చేసే హార్మోన్లు వేరు.

అలాగని గేదెకు సూది వేయవచ్చని కాదు. రెండు పూటలా పొడిస్తే దానికి బాధ. అలవాటు పడితే సూది లేనిదే చేపదు. పేరూ ఊరూ లేని సీసాలో ఏముందో ఎవరికి తెలుసు? పాల కోసం పశువుకు హాని చేసే సూది వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. పశువును ప్రభుత్వం తీసుకుంటుంది.

ఈ మందుతో ఆడవాళ్లకు ఇంకో సంబంధం ఉంది. కాన్పు కాగానే తల్లికి వేసే సూది ఇదే. గర్భసంచి గట్టిగా ముడుచుకుని రక్తం ఆగుతుంది. ఎందరో బాలింతలు దీనివల్లే బతుకుతున్నారు. పశువులకు వాడుతున్నారని 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ మందును దేశంలో అమ్మడానికి ప్రైవేటు కంపెనీలు తయారు చేయకూడదంది. ఒక్క ప్రభుత్వ కంపెనీయే చేయాలంది. అది చాలకపోతే కాన్పుల గతేమిటని కొందరు కోర్టుకెక్కారు. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దొంగ సీసాలను పట్టుకోవాలి గానీ, తల్లుల మందుకు అడ్డుపడితే ఎలా?

పాల విషయంలో నిజంగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గేదెకు పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ సూదులు వేస్తారు. ఆ మందు పాలలోకి దిగుతుంది. కాచినా పూర్తిగా పోదు. ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో, తాగకూడదో పశువుల డాక్టరు చెబుతారు. గేదెలున్నవాళ్లు ఆ లెక్క అడిగి, గోడ మీద రాసిపెట్టుకోవచ్చు.