పొగ ఆగింది.. నాయిన స్ప్లెండర్‌లో ఏది ఉంచాం, ఏది మార్చాం?

మా నాయిన బండి 2006 మోడల్ స్ప్లెండర్. ట్యాంకు మీద ఇంకా ‘హీరో హోండా’ అనే ఉంటుంది. తెల్లారకముందే రావిర్యాల నుంచి తుక్కుగూడ మీదుగా బడంగ్‌పేట దాకా పాలు పోసొచ్చేది దీని మీదే. పోయిన చలికాలంలో సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. పోసిన ఆయిల్ పోసినట్టే మాయమయ్యేది.

“రింగులు మార్చేద్దాం, అయిపోతది” అన్నా. అప్పుడు నా లెక్క ఒక్కటే, ఖర్చు. మొత్తం బోరు కిట్టు కంటే ఉత్త రింగులు చాలా చవక. హెడ్డు దింపించి కొత్త రింగులు వేయించాం. పొగ తగ్గింది. మూడు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి ఆయిల్ ఎంత తగ్గిందో ఎవరం చూడలేదు. ఒకరోజు ఔటర్ సర్వీస్ రోడ్డు మీద ఇంజిన్ పట్టేసింది. బండి తోసుకొని ఇంటికొచ్చేసరికి ఎండెక్కింది. క్యాన్లలో ముప్పై లీటర్ల పాలు విరిగిపోయాయి.

నాయిన తిట్టలేదు. “ఈసారన్న మంచిగ చూసి చెయ్యి బిడ్డా” అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

కొత్త రింగులేసినా పొగెందుకు?

జవాబు లేత్ షాపులో దొరికింది. సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. మంట మండేది పైన కాబట్టి వేడి, ఒత్తిడి అక్కడే ఎక్కువ, ఆయిల్ తక్కువ. అందుకే పైభాగం ఎక్కువ అరుగుతుంది. పైగా పిస్టన్ ఒక పక్కకు నెట్టుకుంటూ దిగుతుంది కాబట్టి గుండ్రంగా ఉండాల్సిన బోరు కాస్త కోలగా మారుతుంది. అందులో గుండ్రటి కొత్త రింగు వేస్తే అంతటా అతుక్కోదు. ఆ సందులోంచి ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది. అదే నీలం పొగ.

లేత్ అన్న బోర్ గేజ్ పెట్టి పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా కొలిచాడు. కొలత తేడా ఎంత చిన్నదైనా దెబ్బ పెద్దదే. బోరు వెడల్పు 0.10 మి.మీ. పెరిగితే రింగు చివరల మధ్య సందు 0.31 మి.మీ. పెరుగుతుంది. చుట్టుకొలత అంటే వెడల్పుకు 3.14 రెట్లు కదా! స్కూల్లో చదివిన ‘పై’ నాకు అక్కరకొచ్చింది అక్కడే.

స్ప్లెండర్ బోరు అసలు కొలత 50 మి.మీ. మాది అరగడమే కాదు, పట్టేసినప్పుడు గీతలు కూడా పడ్డాయి. 0.25 సైజుకు ఆ గీతలు పోవన్నాడు. 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చి, దానికి తగ్గట్టు బోరింగ్ కొట్టించాం.

మూడు కుప్పలు

ఈసారి విప్పిన సామానంతా పాత పేపరు మీద పరిచి, మెకానిక్ అన్నతో కూర్చొని మూడు కుప్పలు పెట్టా.

మొదటిది, ఆలోచించకుండా మార్చేవి: గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు, ఓ రింగులు, పిస్టన్ పిన్ను సర్క్లిప్‌లు. ఇవి చవక. చూడ్డానికి బాగున్నా మళ్లీ వాడొద్దు. ఆ చిన్న సర్క్లిప్ ఊడితే కొత్త బోరంతా గీసుకుపోతుంది.

రెండోది, పరీక్షించి తేల్చేవి. వాల్వులు బిగించి హెడ్డు పోర్టులో పెట్రోల్ పోశాం. కాస్త కారింది. వాల్వులు వంగలేదు, కాడలు అరగలేదు. కాబట్టి పేస్టుతో రుద్ది మళ్లీ పోస్తే చుక్క దిగలేదు. ఉంచేశాం. కామ్ షాఫ్ట్ మీద మాత్రం చిన్న గుంటలున్నాయి. ఆయిల్ లేని దెబ్బ అది. మార్చాం. సాగిన కామ్ చైన్ కూడా మార్చాం.

మూడోది, ముట్టుకోనివి: గేర్లు, క్రాంక్ కేసు. గేర్లు జారట్లేదు, శబ్దం లేదు. ఎందుకు విప్పడం?

అసలు చిక్కు క్రాంక్ దగ్గర

“ఎట్లాగూ ఇప్పినం కదా, ఫుల్ ఇంజిన్ చేపిద్దాం తమ్మీ” అన్నాడు మెకానిక్ అన్న. చేయిస్తే ఖర్చు దాదాపు రెట్టింపు. వద్దంటే, రేపు కనెక్టింగ్ రాడ్ పోతే ఇంజిన్ మొత్తం కిందికి దించాల్సిందే. హెడ్డు, బోరు మళ్లీ విప్పడం తేలిక. లోపలిది అలా కాదు. అందుకే లోపలి భాగాన్ని అనుమానంతో వదిలేయకూడదు.

రాడ్ పట్టుకొని పక్కలకు కదిపితే కొంచెం కదిలింది. అది ఉండాల్సిందే. నిలువుగా పైకీ కిందికీ లాగి చూశాం. ఏ మాత్రం ఆట లేదు. తిప్పితే గరగర లేదు. “మంచిగనే ఉంది” అని అన్నే ఒప్పుకున్నాడు. ఉంచేశాం. ఆయిల్ జాలీ, ఫిల్టర్ మాత్రం కడిగించాం. పట్టేసినప్పుడు రాలిన ఇనుప పొడి అక్కడే దాక్కుంటుంది.

మా ఊరి పైనుంచి శంషాబాద్‌కు దిగే విమానాల ఇంజిన్లదీ ఇదే లెక్క, కాకపోతే నియమం కఠినం. ఎయిర్‌బస్ ఎ320 నియో వంటి విమానాలకు వాడే లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని సఫ్రాన్ కంపెనీ శంషాబాద్‌లో పెట్టింది. 2025 నవంబరు 26న అది ప్రారంభమైంది. విమాన ఇంజిన్లో గిర్రున తిరిగే డిస్కుల వంటి కీలక భాగాలకు ఎన్నిసార్లు ఎగిరి దిగొచ్చో ముందే లెక్క ఉంటుంది. ఆ లెక్క పూర్తయితే ఎంత తళతళలాడినా తీసేయాల్సిందే.

మీ బండి విప్పితే..

‘కొత్తదేస్తే మంచిది’, ‘పాతదే గట్టిది’ అనే రెండు మాటలనూ నమ్మొద్దు. కొలత అడగండి. అది చెడితే మళ్లీ ఎంత విప్పాలో అడగండి. తీసేసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. బోరింగ్ అయ్యాక మొదట్లో బరువేసి ఉరికించకండి. 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చండి.

మా బండికి అప్పట్నుంచి పొగ లేదు. నాయిన మాత్రం రోజూ నాలుగింటికి కిక్కు కొట్టే ముందు డిప్‌స్టిక్ తీసి, తువ్వాలుకు తుడిచి చూస్తున్నాడు. అది నేను చేయాల్సిన పని. రేపట్నుంచి నేనే లేస్తా.