మత్తు దిగిన మరునాడు

వత్తల్‌మలై మా ధర్మపురి జిల్లాలోని కొండ. అక్కడ మలయాళి యనే పేరుగల గిరిజనులు సామలు, రాగులు, కాఫీ పండిస్తారు. పేరును బట్టి కేరళవారని పొరబడరాదు. కొండదారి అంతా మెలికలే. గత కాఫీ కోతల కాలంలో ఒక పెండ్లికి సకుటుంబంగా అక్కడికి వెళ్ళాము. వ్యాను నడిపినవాడు మా బావమరిది.

రాత్రి స్నేహితుల బలవంతం మీద అతడు బాగా తాగాడు. తెల్లవారి కన్నులు ఎర్రబారి తల పట్టుకొని కూర్చున్నవాడు, ఎండ ముదిరేసరికి లేచి, "పద బావా, దిగుదాం" అన్నాడు. మేము సంకోచించాము. "మత్తెప్పుడో దిగింది బావా! పోలీసులు ఊదించినా సున్నాయే వస్తుంది" అన్నాడు.

ఆ మాట నిజమే కావచ్చును. కాని సున్నా అయితే చాలునా? ఇంటికి వచ్చిన పిదప ఈ విషయమై చదివి తెలుసుకొన్నది పాఠకులకు మనవి చేస్తున్నాము.

మన చట్టం ప్రకారం వాహనం నడిపేవాని రక్తం నూరు మిల్లీలీటర్లలో మద్యసారం 30 మిల్లీగ్రాములు మించరాదు. చిత్రమేమనగా, హ్యాంగోవర్ అనే మరునాటి బాధ ముదిరేది రక్తంలో మద్యసారం సున్నాకు చేరే వేళకే. అంటే యంత్రం "బాగున్నాడు" అనేసరికి మనిషి బాగుండడు. నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు ఇట్టివారిచేత బొమ్మ వాహనం నడిపించి చూచి 2014లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలో మద్యం లేకున్నా బండి దారిలో నిలకడగా సాగలేదు.

మరి ఈ బాధను పట్టి ఇచ్చే గురుతు రక్తంలో ఏదైనా కలదా? శాస్త్రజ్ఞులు చాలా వెదికారు. కాలేయం మద్యసారాన్ని మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగాను, పిదప అసిటేట్‌గాను మారుస్తుంది. ఆ విషమే దోషి అనుకొన్నారు. కాని మరునాటికి అది చాలావరకు పోతుంది. ఒంట్లో నీరు తగ్గడమే కారణమన్నారు. నీరు తాగితే దాహం తీరుతుంది గాని తల తేలికపడదు. 2003లో కొరియా పరిశోధకులు, జ్వరం వచ్చినప్పుడు వలె రోగనిరోధక వ్యవస్థ విడిచే సైటోకైన్లు కొన్ని పెరగడం గమనించారు. ఇదొక మంచి జాడ. అయినను, "ఇంత ఉంటే ఇంత బాధ" అని తేల్చే పరీక్ష నేటికీ లేదు. మూత్రంలో ఇథైల్ గ్లూకురోనైడ్ అనే పదార్థం రెండు మూడు దినాలు నిలిచి, తాగినట్లు సాక్ష్యం చెబుతుంది. ఒళ్ళు ఎట్లున్నదో చెప్పదు. అందుకే పరిశోధకులు సైతం రోగినే ప్రశ్నలడిగి మార్కులు వేసుకొంటున్నారు!

తెల్లవారి మరికొంచెం తాగితే తగ్గుతుందనే మాట కలదు. అది బాధను వాయిదా వేయడమే. ఇంకొక హెచ్చరిక: నాటుసారా తాగినవానికి మరునాడు చూపు మసకబారితే అది హ్యాంగోవర్ కాదు, మిథనాల్ విషం కావచ్చును. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో అరువదిమందికి పైగా బలిగొన్నది ఈ మిథనాలే.

1937 అక్టోబరు 1న రాజాజీ మద్యనిషేధాన్ని మొదట అమలుపరచినది సేలం జిల్లాలో. మా ధర్మపురి అప్పుడు అందులోనిదే. నిషేధాలు వచ్చాయి, పోయాయి. బండి తాళం మాత్రం ఇంటివారి చేతిలోనే ఉన్నది.

ఆనాడు జరిగినదీ అదే. మేము మాటలు వెదుకుతుండగా మా ఇంటావిడ లోపలినుంచి గ్లాసునిండా మజ్జిగ తెచ్చి, "ఒలకకుండా ఆ గడపదాకా పట్టుకెళ్ళు తమ్ముడూ" అన్నది. అతడు నవ్వుతూ అందుకొన్నాడు. నాలుగడుగులు వేసేసరికి చొక్కా తడిసింది.

"యంత్రం సున్నా చూపిస్తుందిలే. నీ చేయి ఏం చూపించింది?" అన్నది. అతడు మాట్లాడక తాళం ఆమె చేతిలో పెట్టాడు.

మజ్జిగ గ్లాసు శాస్త్రపరీక్ష కాదు. ఒలకనంత మాత్రాన బండి నడపవచ్చునని అర్థమూ కాదు. ఆ పూట అతడు రాగి అంబలి తాగి పడుకొన్నాడు. మాకు ఆఫీసులో ఒకరోజు సెలవు ఖర్చయింది. మరునాడు పిల్లలందరితో క్షేమంగా కొండ దిగాము. ఆ సెలవు మాకు ఖరీదనిపించలేదు.