గ్రంథస్వామ్యము – వాక్స్వాతంత్ర్యము

ఒకడు దున్ని పండించిన చేనిని వేఱొకడు కోసికొనిపోయినచో లోకము దానిని దొంగతనమనును. బుద్ధిచే పండించిన పంటకును అట్టి రక్షణము కలదు. దానికే గ్రంథస్వామ్యమని పేరు. మన దేశమున 1957వ సంవత్సరపు చట్టము ననుసరించి గ్రంథకర్త జీవించియున్నంత కాలమును, అతని మరణానంతరము 60 సంవత్సరములును ఈ హక్కు నిలుచును.

ఇది కావ్యములకును కథలకును మాత్రమే చెందినదని తలంపరాదు. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసినది మొదలు మన హైటెక్ సిటీలో వ్రాయబడుచున్న కంప్యూటరు ప్రోగ్రాములును చట్టము దృష్టిలో సాహిత్యకృతులే. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ సంగతినే యొక వ్యాజ్యమున స్పష్టపఱచెను. రిలయన్స్ ఇన్ఫోకాం వారు చందాదారుల కిచ్చిన సెల్‌ఫోనులలోని ప్రోగ్రామును మార్చి, వానిని టాటా ఇండికాం సేవకు మరల్చిరని ఆరోపణ. అభియోగమును కొట్టివేయుడని నిందితులు కోరగా, గ్రంథస్వామ్యోల్లంఘన విషయమున విచారణ జరుగవలసినదే యని న్యాయస్థానము చెప్పెను.

అట్లయిన ఇతరుల రచనను గూర్చి నోరు మెదపరాదా? అట్లు కాదు. రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యము నొసగినది. గ్రంథస్వామ్యము రక్షించునది రచనారూపమునే గాని భావమును గాదు. ఈ సూత్రమును 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున విశదము చేసెను. విమర్శ, సమీక్ష, స్వీయాధ్యయనముల కొఱకు న్యాయమైన మేరకు ఇతరుల వాక్యములను గ్రహింపవచ్చునని 52వ సెక్షను చెప్పుచున్నది.

కావున విద్యార్థులారా! చదివినదానిని చర్చింపుడు, విమర్శింపుడు, అవసరమైన ఖండింపుడు. గ్రహించిన వాక్యమునకు కర్త పేరు చెప్పుడు. పరుల వ్రాతక్రింద మీ పేరు వ్రాసికొనకుడు. తనదని చెప్పదగిన మాట యొకటైన లేనివానికి వాక్స్వాతంత్ర్యము వలన ప్రయోజనమేమి?