మూట కట్టక ముందే నకలు
ఇల్లు మారేవారికి తెలుగు సినిమా చెప్పే పాఠం

ఫిల్మ్ నగర్:

నెల మొదటి వారం వచ్చిందంటే ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ సందుల్లో ట్రాలీ ఆటోలు బారులు తీరుతాయి. అద్దె గది ఖాళీ చేసేవారు కొందరు, కొత్తగా చేరేవారు కొందరు. మంచం, బీరువా, గ్యాస్ బండ, బియ్యం డబ్బా ఎక్కించాక ఆఖరున దుప్పటి చుట్టిన కంప్యూటర్ ఎక్కుతుంది. పరుపుల మధ్య దాన్ని ఇరికించి తాడు బిగిస్తారు. బండి గతుకుల్లో కదిలిపోతుంది.

సినిమాల్లో పని వెతుక్కుంటూ పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్ళ సర్వస్వమూ ఆ పెట్టెలోనే ఉంటుంది. రాత్రులు మేల్కొని కూర్చిన పాటల ముక్కలు, రాసుకున్న కథలు, చేతి డబ్బు పెట్టి తీసిన చిన్న చిత్రాలు, ఊళ్ళో అక్క పెళ్ళి ఫొటోలు, చనిపోయిన తాత గొంతు, స్కాన్ చేసి దాచుకున్న పొలం కాగితాలు, అన్నీ అందులోవే.

మంచం కోడు విరిగితే వడ్రంగి బాగుచేస్తాడు. బీరువాకు సొట్ట పడితే కొట్టి సరిచేయవచ్చు. కంప్యూటర్ పాడైనా మరొకటి కొనుక్కోవచ్చు. కాని అందులోని హార్డ్ డిస్క్ చెడిపోతే దానిలో ఉన్నది తిరిగి వస్తుందన్న భరోసా లేదు. వెలికితీసే నిపుణులు ఉన్నారు గాని, ఖర్చు ఎక్కువ, ఫలితం మాత్రం అనుమానం.

ఈ సంగతి ఫిల్మ్ నగర్‌కు తెలిసినంతగా మరో పేటకు తెలియకపోవచ్చు. ఇక్కడి పరిశ్రమ మొత్తం ఒకప్పుడు ఇల్లు మారి వచ్చిందే.

తరలివచ్చిన పరిశ్రమ

తెలుగు సినిమాకు దశాబ్దాల తరబడి మద్రాసే పుట్టిల్లు. 1957లో విడుదలైన 'మాయాబజార్' అక్కడి వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలో రూపుదిద్దుకున్నదే. హైదరాబాదులో 1950ల చివరికి అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలిసింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. తర్వాత జూబ్లీహిల్స్ బండల మీద పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచాయి. 1990లు వచ్చేసరికి నటులు, సాంకేతిక నిపుణులు చాలావరకు కుటుంబాలతో సహా ఇక్కడికి చేరుకున్నారు.

మనుషులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. కాని తీసిన సినిమాలన్నీ వెంట రాలేదు. వాటి నెగటివ్‌లు చాలావరకు మద్రాసు ల్యాబుల గదుల్లోనే ఉండిపోయాయి.

నెగటివ్ అంటే రైతు భాషలో విత్తనం. హాలులో ఆడే ప్రింటు దాని నుంచి పండిన పంట. ప్రింటు అరిగిపోతే మరొకటి తీసుకోవచ్చు. నెగటివ్ పోతే ఆ సినిమా వంశం ఆగిపోయినట్లే. వెయ్యి అడుగుల రీలు తెరపై ఆడేది సుమారు 11 నిమిషాలు. మూడు గంటల సినిమా అంటే 16, 17 రీళ్ళు. వందల సినిమాల డబ్బాలు భద్రపరచడం చిన్న పని కాదు.

నిర్మాతలు కాలం చేశారు. కొన్ని సంస్థలు మూతపడ్డాయి. వారసులకు డబ్బాలు ఎక్కడున్నాయో తెలియని సందర్భాలూ ఉన్నాయి. సముద్రతీరపు ఉక్కకు, తేమకు ఫిల్ము పులిసిపోయి వెనిగర్ వాసన కొడుతుంది. తర్వాత ముడుచుకుపోతుంది, అంటుకుపోతుంది. పాత ఫిల్ములో ఉండే కొద్దిపాటి వెండి కోసం రీళ్ళను తూకానికి అమ్మి కరిగించిన ఉదంతాలు దేశమంతటా ఉన్నాయి. 2010 తర్వాత డిజిటల్ చిత్రీకరణ వచ్చి ల్యాబులు ఒక్కొక్కటే మూతపడినప్పుడు, అడిగేవారు లేని డబ్బాల గతి మరింత అయోమయంలో పడింది.

పోయినవి, మిగిలినవి

రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో 1921లో తీసిన మూకీ చిత్రం 'భీష్మప్రతిజ్ఞ' ఈనాడు చూడడానికి లేదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. తెలుగువారు తెరపై విన్న మొదటి తెలుగు మాట ఎలా ఉండేదో ఇక ఎవరూ వినలేరు.

'మాయాబజార్' అదృష్టం వేరు. దాని రీళ్ళు మిగిలాయి గనుకనే 2010 జనవరిలో హైదరాబాదు సంస్థ ఒకటి దానికి రంగులద్ది మళ్ళీ హాళ్ళకు పంపగలిగింది. 2024లో అక్కినేని శతజయంతికి 'దేవదాసు', 'మాయాబజార్' వంటి చిత్రాలను బాగుచేసిన ప్రతులతో దేశంలోని పలు నగరాల్లో ప్రదర్శించారు. తాతలు చూసిన బొమ్మను మనుమలు చూడగలిగారంటే కారణం ఒక్కటే. ఎక్కడో ఒకచోట ఒక ప్రతి నిలిచి ఉంది.

సినిమాలను భద్రపరచడానికి కేంద్ర ప్రభుత్వం 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను నెలకొల్పింది. పుణేలోనే 2003 జనవరిలో రేగిన మంటల్లో ఆ ఆర్కైవ్‌కు చెందిన పాతకాలపు నైట్రేట్ రీళ్ళు దగ్ధమయ్యాయి. నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే ఆర్పడం కష్టం. భద్రంగా దాచిన చోటైనా సరే, అన్నీ ఒకే కప్పు కింద ఉంటే భద్రం కాదని ఆ ప్రమాదం చెబుతున్నది.

ఈ పాఠం ఫిల్మ్ నగర్ పరిసరాలకు ఆలస్యంగానైనా చేరింది. 2019 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోలో జరిగిన శిక్షణ తరగతుల్లో పాత రీళ్ళను శుభ్రపరచడం, చిరుగులు అతకడం, ప్రతులు తీయడం నేర్పారు.

అమెరికాలో ఒక ఉదంతం

కంప్యూటర్ వచ్చాక ఈ బెడద తీరిందని పలువురు భావిస్తారు. 1998లో అమెరికాలో జరిగిన సంఘటన అందుకు విరుద్ధంగా ఉంది.

పిక్సార్ అనే సంస్థ కంప్యూటర్లతో 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తీస్తున్నది. ఎవరో పొరపాటున ఒక తుడిపివేత ఆదేశం ఇచ్చారు. చూస్తుండగానే తెర మీది పాత్రలు ఒక్కొక్కటే మాయమైపోయాయి. హడావుడిగా యంత్రాన్ని ఆపారు. నకళ్ళు ఉన్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నారు. తీరా తెరిచి చూస్తే ఆ నకళ్ళు సరిగా తయారు కావడం లేదని తేలింది. అవి పనిచేస్తున్నాయా లేదా అని అంతకుముందు ఎవరూ చూసుకోలేదు.

సాంకేతిక విభాగంలోని గాలిన్ సుస్మన్ అనే ఆమె పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచే పనిచేస్తున్నారు. అందుకోసం సినిమా ప్రతి ఒకటి ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఉంది. ఆ యంత్రాన్ని దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా స్టూడియోకు చేర్చారు. సినిమా మరుసటి ఏడు విడుదలైంది.

ఫిల్మ్ నగర్ ట్రాలీ ఆటోలో వెళ్ళే కంప్యూటర్‌కూ దుప్పటే చుడతారు. తేడా ఒక్కటే. అక్కడ అసలు పోయినా వేరే ఇంట్లో నకలు మిగిలింది. ఇక్కడ ఉన్నదంతా ఆ ఒక్క పెట్టెలోనే.

బండి ఎక్కించే ముందు

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్ళెం నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. దాని మీద వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎడంతో ఒక చిన్న తల కదులుతూ రాతను చదువుతుంది. నడుస్తున్నప్పుడు కుదుపు తగిలితే ఆ తల పళ్ళేన్ని గీకవచ్చు. గీకిన చోటి రాత పోయినట్లే. కనుక కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, తీగలు తీసి, కాసేపు ఆగి అప్పుడు కదపాలి. నిద్రావస్థలో ఉంచి మూత వేయడం చాలదు.

అంతకన్నా ముందు నకలు తీయాలి. ఈ పని సామాను సర్దే రోజు పెట్టుకోరాదు. కనీసం వారం ముందు మొదలుపెట్టడం మంచిది. విడిగా దొరికే హార్డ్ డిస్క్ ఒకటి కొని ఫొటోలు, కాగితాలు, పని ఫైళ్ళు అందులోకి ఎక్కించాలి. మరో నకలు వేరొక చోట ఉండాలి. ఇంకో డిస్క్ కావచ్చు, ఇంటర్నెట్ ఖాతా కావచ్చు.

ఇంటర్నెట్ మీద ఆధారపడేవారు లెక్క వేసుకోవాలి. సెకనుకు 10 మెగాబిట్లు పంపే లైను మీద 100 జీబీ ఎక్కించడానికి, ఎక్కడా ఆగకుండా సాగినా 22 గంటలు పడుతుంది. పాత ఇంటి కనెక్షన్ తీయించుకున్నాక ఆ పని ఆగిపోతుంది.

నకలు తీశాక తెరిచి చూడాలి. పేర్లు కనిపించగానే సరిపోదు. పదిచోట్ల పది ఫొటోలు, రెండు మూడు వీడియోలు నడిపించాలి. అసలులో ఎన్ని ఫైళ్ళున్నాయో నకలులోనూ అన్నే ఉన్నాయో లేదో సరిచూడాలి.

ప్రయాణంలో నకలును కంప్యూటర్ ఉన్న బండిలో పంపకూడదు. బండి బోల్తాపడినా, వాన కురిసినా, దొంగలు పడినా రెండూ ఒకేసారి పోతాయి. నగలు, పత్రాల మాదిరిగా దాన్ని మనిషి చేతి సంచిలో తీసుకువెళ్ళాలి. పెన్ డ్రైవ్ ఒకచోటి నుంచి మరోచోటికి మోయడానికి పనికివస్తుంది గాని, ఏళ్ళ తరబడి దాచడానికి నమ్మదగినది కాదు. అటక మీది పెళ్ళి సీడీలు, డీవీడీలు కూడా కాలక్రమంలో చెడిపోతాయి. చదవగలిగినప్పుడే వాటిని డిస్క్‌లోకి ఎక్కించుకోవాలి.

మరో ముప్పు పాత సామానుల బండి. ఇల్లు మారేటప్పుడు చెడిన కంప్యూటర్‌ను ఇనుము ధరకు ఇచ్చేస్తుంటారు. వెండి కోసం రీళ్ళు కరిగించిన కథ ఇక్కడ మళ్ళీ జరుగుతుంది. తెర వెలగనంత మాత్రాన లోపలి డిస్క్ చెడిందని కాదు. మరమ్మతు తెలిసినవారి చేత దాన్ని తీయించి, అందులో ఏముందో చూసుకున్నాకే పెట్టెను ఇవ్వాలి. లేకుంటే ఇంటి ఫొటోలు, కాగితాలు పోవడమే గాక పరాయివారి చేతిలోనూ పడతాయి.

పల్లెకు తెలిసిన విద్య

ఇదంతా పట్నం విద్య అనుకోనవసరం లేదు. రైతు విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయడు. పొలం దస్తావేజు ఇంట్లో ఉన్నా, అది పోతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు దొరుకుతుందన్న ధీమా ఉంటుంది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి తాటాకు గ్రంథాలకు నకళ్ళు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. చెదలకు బలి కావలసిన ఎన్నో కావ్యాలు నకలు పుణ్యాన దక్కాయి.

పట్నంలో ఉన్న పిల్లలకు ఊరి ఇల్లే మంచి రెండో చోటు. పండుగకు వచ్చినప్పుడు ఒక డిస్క్ తెచ్చి, పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టి వెళ్ళవచ్చు. తడి తగలకుండా, ఎండ పడకుండా ఉంచితే చాలు. మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని నడిపి చూసి, కొత్తవి చేర్చుకోవాలి. తల్లిదండ్రులు కంప్యూటర్ నడపనక్కరలేదు. పొలం కాగితాలతో పాటు ఆ చిన్న పెట్టెను కాపాడితే సరిపోతుంది.

కొత్త ఇంట్లో పాలు పొంగించిన నాడే కంప్యూటర్‌ను బిగించి తెరవాలి. అన్నీ సక్రమంగా ఉన్నాయని చూసుకునే దాకా ఏ నకలునూ తుడిపివేయరాదు. అక్క పెళ్ళి ఫొటో తెర మీద కనిపించి, తాత గొంతు వినిపించిన తర్వాతే ఇల్లు మారడం పూర్తయినట్లు.